పొద్దుండగానే చూడవలసిన బొమ్మలు

పెరటి చెట్టు మందుకు పనికిరాదని సామెత. ఈ సామెతను ఇరవై యేళ్లుగా తరగతిలో పిల్లలకు వివరిస్తున్నవాణ్ణి నేను. అయినా మా పెరటి చెట్టు సంగతి నాకు పట్టలేదు. మా కోటగిరిలో ప్రొద్దున్నే బయలుదేరితే భోజనాల వేళకు మెదకు చేరుకోవచ్చు. ఆ మెదకులో నూరేళ్లు దాటిన పెద్ద చర్చి ఉన్నది. ఆ చర్చిలో మూడు రంగుటద్దాల కిటికీలున్నాయి. వాటిని చూడడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. నేను మాత్రం నలభై అయిదేళ్లు వచ్చినదాకా వాటి జోలికి పోలేదు. తీరా చూద్దామని వెళ్లిన రోజున ఏం జరిగిందో, దానివల్ల మా అమ్మకు ఏం నష్టమైందో, ఈ వారం అదే మీకు చెబుతాను. నవ్వుకునేవారు నవ్వుకోండి. కాని చివరిదాకా చదవండి.

మా అమ్మ పుట్టిల్లు మెదకు దగ్గర ఒక పల్లె. పెళ్లయి మా కోటగిరికి వచ్చి యాభై యేళ్లు దాటింది. నిజాంసాగరు కాలువ నీళ్లతో పండే మా మడులు, నాట్లు, కోతలు, మేము నలుగురం పిల్లలం, ఇవే ఆమె లోకం. చదువు లేదు. వేలిముద్ర నుంచి సంతకానికి ఎదిగింది, అదీ నేను పలక పట్టి నేర్పిన సంతకం. అయితే కథలు చెప్పడం మొదలుపెడితే నేను చదివిన ఎం.ఏ. ఆమె ముందు ఎందుకూ కొరగాదు.

ఆ కథల్లో ఒకటి మా అమ్మ నాయినమ్మ కథ. ఆమె కొత్త కోడలిగా ఉన్న రోజుల్లో కరువు వచ్చిందట. ఇంట్లో గింజ లేదు. అప్పుడు మెదకులో దొరగారు పెద్ద గుడి కట్టిస్తున్నారని, పనికి పోయినవాళ్లకు తిండి దొరుకుతుందని విని, అత్తా కోడళ్లిద్దరూ నడిచి వెళ్లారట. తట్టలతో మట్టి మోశారట. సాయంత్రానికి కొంగులో గింజలు పోసి పంపేవారట. "మా నాయినమ్మ నెత్తి మీద తట్ట కుదురు పెట్టిన జాగల ఎంటికలే మొలువలేదు బిడ్డా" అని అమ్మ చెబుతూ ఉంటే, చిన్నప్పుడు మేము మా నెత్తులు తడుముకునేవాళ్లం.

ఇంటి కథలను చరిత్రతో సరిచూడడం నాకు అలవాటు. సరిచూస్తే ఈ కథ సరిపోయింది. చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే వెస్లియన్ మిషనరీ 1895 లో సికిందరాబాదుకు వచ్చి, 1897 లో మెదకు చేరాడు. చర్చి కట్టడం 1914 లో మొదలయింది. అది మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిన సంవత్సరం. యుద్ధంతో పాటు కరువు కూడా వచ్చింది. ఆ రోజుల్లో ఆ కట్టడం చుట్టుప్రక్కల పల్లెల బీదలకు కరువు పని అయింది. పదేళ్లు సాగి, 1924 డిసెంబరు 25 న, క్రిస్మసు రోజున, చర్చికి ప్రతిష్ఠ జరిగింది. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గంటల గోపురం ఎత్తు 175 అడుగులు. లోపల అయిదు వేల మంది కూర్చోవచ్చునంటారు. నేల మీద పరచిన రంగు పలకలు ఓడమీద బ్రిటన్ నుంచి వచ్చాయి. వాటిని పరచడానికి ఇటలీ నుంచి పనివాళ్లు వచ్చారు. పలకల క్రింది మట్టి మాత్రం మనవాళ్లు మోసినది. 1947 లో దక్షిణ భారతదేశ సంఘం ఏర్పడినప్పుడు ఆ చర్చి అందులో చేరింది. 2024 లో నూరేళ్ల పండుగ జరుపుకున్నది.

ఇంత కథ ఉన్నా మా అమ్మ ఆ చర్చి లోపలికి ఎన్నడూ పోలేదు. పెళ్లిళ్లకూ పేరంటాలకూ పుట్టింటికి పోతూ వస్తూ బస్సులోంచి గోపురం చూచేదట. "ఒక్కపారి లోపటికి తోల్కపోరాదురా. రంగుటద్దాల దేవుని కథ బొమ్మలున్నయంట" అని నన్ను అడుగుతూనే ఉండేది. నేను "అట్లాగే" అంటూనే ఉండేవాణ్ణి. 'అట్లాగే' అన్న మాటకు 'ఇప్పుడు కాదు' అని అర్థమని కొడుకులున్న ప్రతి తల్లికీ తెలుసు.

చివరికి ఒక ఫిబ్రవరి నెలలో కాలం కలిసి వచ్చింది. మెదకులో ఒక సాహిత్య సభకు నన్ను పిలిచారు. మధ్యాహ్నం రెండు గంటలకు సభ, మూడున్నరకు ముగింపు. అమ్మను కూడా తీసుకుపోతే ఒక దెబ్బకు రెండు పిట్టలనుకున్నాను. ఆమె ముందురోజు రాత్రే గద్వాల చీర తీసి మడత విప్పి పెట్టుకున్నది. బాన్సువాడలో బస్సు మారి, ఎల్లారెడ్డి మీదుగా, పోచారం చెరువు దాటి మెదకు చేరాం. అమ్మను సభలో మొదటి వరుసలో కూర్చోబెట్టాను.

నాకిచ్చిన విషయం 'ప్రబంధాలలో సూర్యాస్తమయ వర్ణనలు'. ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారు. నాకు మైకు దొరికితే ఏమవుతుందో మా విద్యార్థులను అడగండి. పడమటి కొండ మీద సూర్యుణ్ణి ఎంతమంది కవులు ఎన్ని విధాలుగా దింపారో ఒక్కొక్కటే వివరిస్తూ పోయాను. చప్పట్లు పడ్డాయి. ఇంకా ఉత్సాహం వచ్చింది. మధ్యలో ఒకసారి అమ్మ కిటికీ వైపు చూచి నా వైపు చూచింది. నా ఉపన్యాసం ఆమెకు నచ్చింది కాబోలు ననుకున్నాను. గంటన్నర తరువాత దిగాను. ఆ తరువాత శాలువా, ఫోటో, టీ, పరిచయాలు. నేను లోపల కవుల సూర్యుణ్ణి అస్తమింపజేస్తూ ఉండగా బయట అసలు సూర్యుడు తన పని తాను చేసుకుపోయాడు.

ఆటోలో చర్చికి చేరేసరికి దీపాలు పెట్టారు. అంత పెద్ద ఆవరణలో పదిమంది కంటె లేరు. కాపలా ఆయన మంచివాడు, చెప్పులు విప్పించి లోపలికి పోనిచ్చాడు. అమ్మ నేల తడిమి కళ్లకద్దుకున్నది. ఎదుటి గోడకేసి తలెత్తి చూచింది. ఎడమకు తిరిగింది, కుడికి తిరిగింది.

"బొమ్మలేవిరా?"

నేనూ చూచాను. ఎత్తైన కమానులో నల్లటి పలక లాంటిది ఉన్నది. దానిమీద చిక్కుపడ్డ నల్లటి గీతలు. అంతే. రంగు లేదు, రూపు లేదు.

"పొద్దుగూకినంక ఏం కనవడదు సార్" అన్నాడు కాపలా ఆయన. "ఎన్ని దీపాలు పెట్టినా గంతే. పొద్దుండంగ రావాలె."

అమ్మ ఏమీ అనలేదు. బయటకు వచ్చి మెట్ల మీద కూర్చుని కొంచెం సేపటికి "పోనీ తీ బిడ్డా, మల్ల వద్దాం. నీ ముచ్చట మంచిగ చెప్పినవంట, పక్కన కూసున్నామె అన్నది" అన్నది. శాలువా నా భుజం మీద బరువైంది.

ఇంటికి వచ్చిన తరువాత, నా తప్పు మరచిపోవడానికో ఏమో, ఆ అద్దాల సంగతి చదవడం మొదలుపెట్టాను. దీపాలు పెడితే కనిపించని బొమ్మ ఏమి బొమ్మ అని నా అనుమానం. చదివితే విషయం తేలిక. గోడ మీద వేసిన బొమ్మ మీద వెలుగు పడుతుంది, అది తిరిగి మన కంటికి చేరుతుంది. కాబట్టి రాత్రివేళ దీపం పెట్టి చూడవచ్చు. రంగుటద్దపు బొమ్మ అట్లా కాదు. బయటి వెలుగు దానిలోంచి చొచ్చుకొని మనవైపు రావాలి. వస్తూ వస్తూ ఆ రంగు పూసుకొని వస్తుంది. బయట చీకటి పడితే వచ్చే వెలుగు లేదు, అందుకని బొమ్మా లేదు. అదే పగటిపూట మీరు బయట నిలబడి చూచినా ఇదే తంతు. లోపలికంటె బయట వెలుగెక్కువ కాబట్టి మసి పట్టిన అద్దమే కనబడుతుంది. పగలు వెళ్లాలి, లోపలికి వెళ్లాలి. రెండింటిలో ఏది తప్పినా బొమ్మ దక్కదు.

తయారుచేసే విధానం కూడా గృహిణులకు బొంత కుట్టినంత సులభంగా అర్థమవుతుంది. మొదట బొమ్మను అసలు కొలతతో కాగితం మీద గీస్తారు. ఏ ముక్క ఏ రంగో గుర్తు పెడతారు. రంగు అద్దానికి పైన పూసినది కాదు. గాజు కరిగేటప్పుడే అందులో కలిసినది. కోబాల్టు కలిపితే నీలం, మాంగనీసు కలిపితే ఊదా. రాగి కలిపితే కొలిమి మంటను బట్టి ఆకుపచ్చ గాని ఎరుపు గాని వస్తుంది. బంగారం కలిపితే మరో రకం ఎరుపు, కెంపు రంగు. వెండి లవణం పూసి కాలిస్తే పసుపు. ఈ చివరి కిటుకు యూరపు పనివాళ్లకు పధ్నాలుగో శతాబ్దంలో పట్టుబడింది. కాగితం మీది గీతల ప్రకారం అద్దాన్ని ముక్కలుగా కోస్తారు. కళ్లు, ముక్కు, వేళ్లు, బట్టల మడతలు మాత్రం గాజుపొడి, లోహపు మసి కలిపిన నల్లరంగుతో వ్రాసి కొలిమిలో పెట్టి కాలుస్తారు. దాంతో ఆ గీత గాజులో కలిసిపోతుంది, వాన పడ్డా చెరగదు. తరువాత రెండు ప్రక్కలా గాడి ఉన్న సీసపు పట్టీలలో ఒక్కొక్క ముక్కనూ ఇమిడ్చి, అతుకుల దగ్గర టంకం పెట్టి బిగిస్తారు. నేను ఆ సాయంత్రం చూచిన చిక్కుపడ్డ నల్లగీతలు ఈ సీసపు పట్టీలన్న మాట.

ఈ విద్య యూరపులో చర్చిలతో పాటు పెరిగింది. జర్మనీలోని ఆగ్స్‌బర్గు కెథెడ్రల్‌లో ప్రవక్తల కిటికీలు తొమ్మిది వందల యేళ్ల నాటివి. పారిస్ నగరంలో సేంత్ షాపెల్ అనే చర్చి ఉన్నది. అందులో పదమూడో శతాబ్దపు కిటికీలు పదిహేను, వాటిలో బైబిలు కథల దృశ్యాలు 1,113. అచ్చుయంత్రం లేని కాలం. పుస్తకం చేత పట్టుకున్నవాళ్లు వేళ్లమీద లెక్క. చదువురాని జనం తలెత్తి చూచి కథ తెలుసుకునేవారు. మనకు ఇది కొత్త కాదు. మన తెలంగాణలోనే చేర్యాల నకాషీల పటాలున్నాయి. పటం కథ చెప్పేవాళ్లు బారెడు గుడ్డ పటాన్ని ఒక్కొక్క మడతా విప్పుతూ, పుల్లతో బొమ్మ చూపుతూ రాత్రంతా కథ నడిపేవారు. ఆ పటాన్ని దీపం దగ్గర విప్పుతారు. ఈ పటాన్ని సూర్యుడు విప్పుతాడు. తేడా అంతే.

ఇదంతా చదివి తెలుసుకున్నాను గాని అమ్మను మళ్లీ తీసుకుపోలేదు. మార్చిలో పరీక్షలు. ఏప్రిల్లో పేపర్లు దిద్దడం. మేలో ఎండలు. జూన్లో ప్రవేశాలు. తరువాత వానలు. ప్రతి నెలకూ ఒక కారణం ఉన్నది, ప్రతి కారణమూ న్యాయంగానే ఉన్నది.

ఆగస్టులో ఒకనాడు అమ్మ గడప తట్టుకుని పడింది. మరొకనాడు ప్రక్కన నిలబడ్డ మా అమ్మాయిని చూడకుండా చెంబుతో నీళ్లు పారబోసింది. ముసలితనం అనుకున్నాం. శుక్లాలేమో, ఆపరేషను చేయిస్తే పోతాయి లెమ్మని నిజామాబాదు తీసుకుపోయాను. డాక్టరు గారు చాలాసేపు చూచి, నన్ను ప్రక్కకు పిలిచి చెప్పారు, అవి నీటికాసులు. కంటి లోపల ఒత్తిడి పెరిగి చూపు నరాన్ని కొద్దికొద్దిగా తినేస్తుంది. ముందు ప్రక్కచూపు పోతుంది, అందుకే మనిషికి తెలియదు. "పోయిన చూపు తిరిగి రాదు మాస్టారూ. ఉన్నది నిలబెట్టుకోవడానికి చుక్కల మందు. క్రమం తప్పకుండా వేయాలి. నడివయసు దాటినవాళ్లు, ముఖ్యంగా ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉన్నవాళ్లు, ఏడాదికోసారి చూపించుకోవాలి. మీరు కూడా కూర్చోండి" అని నా కళ్లు కూడా పరీక్ష చేశారు.

బస్సులో తిరిగి వస్తూ ఫిబ్రవరి నుంచి ఆగస్టు దాకా నెలలు వేళ్లమీద లెక్కపెట్టుకున్నాను. ప్రక్కనే అమ్మ నిద్రపోతున్నది.

దీపావళి వెళ్లిన వారానికి బయలుదేరాం. ఈసారి సభ లేదు. ఉన్నా నేను పోను. అమ్మ, నేను, ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి. తెల్లవారుజామునే కోటగిరిలో బయలుదేరి పది గంటలు కొట్టేసరికి చర్చి ఆవరణలో ఉన్నాం. ఆకాశంలో మబ్బు తునక లేదు.

లోపల అడుగుపెట్టగానే మా అమ్మాయి "అబ్బ!" అని నోరు తెరిచింది. నాకూ ఆ మాటే వచ్చేది గాని ఉపన్యాసకుణ్ణి కనుక ఊరుకున్నాను. ఆ ఫిబ్రవరి సాయంత్రం నల్లపలకలా నిలబడ్డ గోడ ఇదేనా అనిపించింది. నీలం, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, ఒక్కొక్కటీ లోపల దీపం పెట్టినట్టు వెలుగుతున్నది.

వేదిక వెనుక ఎదురుగా ఉన్నది క్రీస్తు ఆరోహణం, అంటే ఆయన పరలోకానికి వెళ్లడం. ఇటూ అటూ రెండు ప్రక్కల కిటికీలలో ఒకటి ఆయన పుట్టుక, ఒకటి సిలువ. ఈ కిటికీల రూపకర్తగా చెప్పేది ఫ్రాంక్ ఒ. సాలిస్‌బరీ అనే ఇంగ్లండు చిత్రకారుణ్ణి. 1874 లో పుట్టి 1962 లో పోయాడు. రాజులకూ అమెరికా అధ్యక్షులకూ నిలువెత్తు బొమ్మలు వ్రాసి పేరు తెచ్చుకున్నవాడు. కాని చిన్నతనంలో అతనికి అన్నం పెట్టిన విద్య ఇదే. అన్నగారి రంగుటద్దాల కార్ఖానాలో పని నేర్చుకున్నాడు.

మూడు కిటికీలూ ఒక్కసారి రాలేదు. ఆరోహణం 1927 లో పెట్టారు. పుట్టుక 1947 లో వచ్చింది. సిలువ 1958 లో వచ్చింది. మొదటిదానికీ చివరిదానికీ నడుమ ముప్ఫై ఒక్క యేళ్లు. ఈలోపున నిజాము పాలన పోయింది, హైదరాబాదు రాష్ట్రం పోయింది, ఆంధ్రప్రదేశ్ వచ్చింది. కథ వరుస చూడండి. చివరి ఘట్టం ముందు వచ్చింది, మొదటి ఘట్టం ఇరవై యేళ్లకు వచ్చింది, నడిమి కష్టం అన్నిటికంటె ఆలస్యంగా వచ్చింది. ఆ ఊళ్లో 1927 లో పుట్టిన పిల్లవాడు పెరిగి పెద్దవాడై, పిల్లల తండ్రి అయిన తరువాత గాని మూడు బొమ్మలూ ఒకచోట చూచి ఉండడు. కథ పూర్తి కావడానికి అంత ఓపిక పట్టారు.

మా అమ్మ ఓపిక నేను కళ్లారా చూచింది ఆ రోజే. ఆమెకు ఇప్పుడు చూపు గొట్టంలోంచి చూచినట్టు ఉంటుంది. ఎదుట ఉన్న కొంచెం మేర మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది, చుట్టూ మసక. అంత పెద్ద కిటికీ ఒక్కసారి కంటికి ఆనదు. ఆమె ఏం చేసిందంటే, పుట్టుక కిటికీ ముందు బల్ల మీద కూర్చుని, తల కొద్దికొద్దిగా త్రిప్పుతూ క్రిందినుంచి మీదికి ఒక్కొక్క ముక్కా చూడడం మొదలుపెట్టింది. "ఇక్కడ ఎర్రగున్నది. దీని పక్కకు నీలం. అగో, చెయ్యి. ఎవ్వరిదిది?" అని అడుగుతున్నది. మా అమ్మాయి ప్రక్కన కూర్చుని, ఆ చెయ్యి ఎవరిదో, ఆ బట్ట ఎవరిదో చెబుతున్నది. అద్దం ముక్కలను ఎట్లా కూర్చారో అట్లాగే ఆ ఇద్దరూ బొమ్మను కూర్చుకున్నారు. అరగంట పట్టింది.

కథ చెప్పే పని నాది. నేను బైబిలు చదివి పెరిగినవాణ్ణి కాను. జాషువా గారి 'గబ్బిలం' ఏటేటా పాఠం చెప్పాను. ఆయనకు 1964 లో సాహిత్య అకాడమీ బహుమతి తెచ్చిన 'క్రీస్తు చరిత్ర' మాత్రం ఈ ప్రయాణం కోసమే మొదటిసారి తెరిచాను. ఆ పుస్తకం, సువార్తలు చదివి నాకు తెలిసినంత చెప్పాను. నిండు చూలాలు మరియమ్మను వెంటబెట్టుకుని యోసేపు జనాభా లెక్కల కోసం బెత్లెహేముకు వెళ్లడం, సత్రంలో చోటు లేకపోవడం, బిడ్డను పొత్తిగుడ్డల్లో చుట్టి పశువుల తొట్టిలో పడుకోబెట్టడం, రాత్రి మందలు కాచుకునే గొల్లలకు ముందు కబురు తెలియడం, తూర్పు దేశపు జ్ఞానులు చుక్క వెంట నడిచి రావడం.

"కిష్ణుడు చెరసాలల పుట్టిండు, ఈయన గొడ్ల కొట్టంల పుట్టిండు" అన్నది అమ్మ. "మంచి ఇంట్ల పుడితే ఏం పోయె ఈ దేవుళ్లకు?" అని తానే నవ్వి, "గొల్లోళ్లకే ముందుగాల తెలిసిందా? మంచిదే. రాత్రి మేలుకొని ఉండేది వాళ్లే గద" అన్నది. నేను ఇరవై యేళ్లు వ్యాఖ్యానాలు చదివాను. ఇంత చిన్న మాటలో ఇంత సరియైన వ్యాఖ్యానం చూడలేదు.

సిలువ కిటికీ దగ్గరకు పోయాం. కథ చెప్పబోతే "గిది నాకెరుకే" అన్నది. మేకులు కొట్టారనీ ముళ్ల కిరీటం పెట్టారనీ ఎరుక. కాసేపు చూచి మెల్లగా అడిగింది.

"ఆయన తల్లి ఉన్నదా అప్పటికి?"

"ఉన్నది."

"ఏడున్నది?"

"అక్కడే, సిలువ దగ్గరే నిలబడి ఉన్నదని యోహాను సువార్తలో ఉన్నదమ్మా."

"నిలవడి చూసిందా!" అని చాలాసేపు మాట్లాడలేదు. తరువాత "కొడుకేమన్నడు?" అన్నది.

చెప్పాను. అంత నొప్పిలోనూ ఆయన తల్లిని చూచి, ప్రక్కనున్న తన శిష్యునికి ఆమెను అప్పగించాడనీ, ఆనాటి నుంచి ఆ శిష్యుడు ఆమెను తన ఇంట చేర్చుకున్నాడనీ చెప్పాను.

"పానం పోతున్నా తల్లి యాదికున్నది పిలగానికి" అన్నది అమ్మ.

ఆమె మామూలుగానే అన్నది. నన్నుద్దేశించి అనలేదు, ఎత్తిపొడుపు మాటలు ఆమెకు రావు. కాని నాకు ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్, మే, ఒక్కొక్క నెలా పేరు పెట్టి పిలిచినట్టయింది. పరీక్షలనీ పేపర్లనీ ఎండలనీ నేను చెప్పుకున్న కారణాలు ఆ కిటికీ ముందు నిలబడి చెప్పదగినవి కావు. లేచి అవతలికి పోయి కళ్లద్దాలు తుడుచుకుని వచ్చాను.

ఆరోహణం కిటికీ వేదిక వెనుక కొంచెం దూరం. తిరిగి లేచిన తరువాత నలభై రోజులు శిష్యులకు కనిపించి, వారు చూస్తూ ఉండగానే పైకి వెళ్లాడని కథ. అమ్మ కంటికి అంత ఎత్తు ఆనలేదు. క్రింది భాగం మాత్రం చూచింది. "పైన ఎట్లున్నది తల్లీ?" అని మనుమరాలిని అడిగింది.

"చాలా వెలుగుగా ఉన్నది నాయినమ్మా" అన్నది మా అమ్మాయి.

"గట్లనే ఉంటది" అన్నది అమ్మ.

బయటకు వచ్చేముందు ఆమె వంగి, రంగు పలకల నేలను అరచేత్తో నిమిరింది. "దీని కింద మా నాయినమ్మ మట్టి ఉన్నది తల్లీ" అని మనుమరాలికి చెప్పింది. ఎండ అద్దాలలోంచి దిగి ఆమె చేతిమీద నీలంగా పడింది. మా అమ్మాయి ఆ నీలాన్ని వేలితో తాకి చూచింది.

ఇప్పుడు మా ఇంట్లో రోజూ క్రమం తప్పకుండా చుక్కల మందు వేస్తున్నాం. ఆ పని మా అమ్మాయి తీసుకున్నది. ఉన్న చూపు నిలబడుతుందని డాక్టరు గారు ధైర్యం చెప్పారు. సాయంత్రం వరండాలో కూర్చుని అమ్మ ఇరుగుపొరుగు వాళ్లకు మెదకు కథ చెబుతుంది. ఎర్ర గాజులో బంగారం కలుపుతారనే సంగతి నా దగ్గర విని, దానికి తన సొంత కవిత్వం జోడించి, ఆ బంగారం ఎన్ని తులాలో కూడా చెబుతున్నది. నేను సవరించడం లేదు.

పాఠకులకు నా మనవి ఒక్కటే. మెదకు వెళ్లండి. ఏ మతం వారైనా వెళ్లండి; చెప్పులు విప్పి, నెమ్మదిగా నడచి, ప్రార్థన చేసుకునేవారికి అడ్డురాకుండా చూడండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లను ముందు తీసుకుపోండి. సభలూ సన్మానాలూ చూసుకుని సాయంత్రం వెళదామనుకోకండి. ఆ బొమ్మ సగం గాజు, సగం పొద్దు. గాజు మరో నూరేళ్లు అక్కడే ఉంటుంది. పొద్దు మన కోసం ఆగదు.